మేము దాటేసిన గుమ్మటం

రెండేళ్ల కిందట ఆళ్లగడ్డలో ఆపా ఇంటికి సున్నాలు వేస్తుంటే అటక మీది రేకుపెట్టె కిందికి దిగింది. అమ్మీ పెళ్లినాటి జరీ చీర, పాత రేషన్ కార్డులు, అబ్బా చదివిన ఇబ్నె సఫీ జాసూసీ నవలలు నాలుగు, వాటి అడుగున అట్ట ఊడిపోయిన ఒక ఇంగ్లీషు పుస్తకం. మొదటి ఆరు పేజీలు లేవు. మిగిలినవి పట్టుకుంటే విరిగేట్టున్నాయి. పిల్లల కోసం కుదించి, బొమ్మలు వేసి అచ్చేసిన హెచ్.జి. వెల్స్ 'వార్ ఆఫ్ ది వరల్డ్స్' అది. అంగారక గ్రహం మీది జీవులు ఇంగ్లండు మీదికి దండెత్తి వచ్చే కథ. 1992 వేసవి సెలవుల్లో, మా పన్నెండో ఏట, డిక్షనరీ పక్కన పెట్టుకుని చివరిదాకా చదివిన మొదటి ఇంగ్లీషు పుస్తకం. తెలియని ప్రతి మాట కిందా పెన్సిల్ గీత, మార్జిన్లో ఉర్దూలో అర్థం. తెలుగు బడిలో చదువుతూ అర్థాలు ఉర్దూలో ఎందుకు రాసుకున్నామో ఇప్పుడు చెప్పలేం. ఇంట్లో రాసుకునేది ఇంటి భాషలో రాసుకోవాలనిపించి ఉంటుంది.

మేం అంటే ఒక్కరం కాదు. చదివింది ఒకరైతే విన్నది వీధి వీధంతా.

ఆ పుస్తకం మా ఇంటికి వచ్చిన దారి కూడా యుద్ధం దారే. మా మామూ కువైటులో ఒక ఇంట్లో డ్రైవరు. 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైటులోకి దిగింది. ఆ ఆగస్టు నుంచి అక్టోబరు దాకా ఎయిరిండియా విమానాలు జోర్డాన్ రాజధాని అమ్మాన్ నుంచి దాదాపు 1 లక్షా 70 వేలమంది భారతీయుల్ని తెచ్చి దించాయి. కడప, రాయచోటి, రాజంపేటల నుంచి కువైటు పోయినవాళ్లు వేలల్లో ఉండేవాళ్లు. మా వైపు నుంచీ కొందరు. మామూ ఇరాక్ మీదుగా ఎడారి దారిన అమ్మాన్ చేరి, గుడారంలో పదిహేను రోజులుండి, బొంబాయిలో దిగి ఇల్లు చేరేసరికి చేతిలో ఒక రెగ్జిన్ సంచి మిగిలింది. పనిచేసిన ఇంటి పిల్లలు వద్దని పారేసిన ఈ పుస్తకం అందులో ఉంది. ఆయనకు ఇంగ్లీషు రాదు. బొమ్మలున్నాయి గదా, పిల్లలకు పనికొస్తుందని వేసుకొచ్చాడు.

లండన్ నగరం ఖాళీ అయ్యే చోట ఒక బొమ్మ ఉంది. గుర్రపు బండ్లు, తోపుడు బండ్లు, మూటలు, పిల్లల్ని చంకనేసుకున్న తల్లులు, దారంతా జనం. మామూ ఆ బొమ్మ చూసి చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత ఒక బండి పక్కన నడుస్తున్న ఆడమనిషిని వేలితో చూపించి, "ఈమె చెప్పులు చూడు, తెగిపోయినాయి. మాతోపాటు నడిచిన ఒకామెకూ ఇట్లనే" అన్నాడు. వెల్స్ కథ మీద మేం విన్న మొదటి వ్యాఖ్యానం అది. ఇన్నేళ్లలో అంతకన్నా మంచిది వినలేదు.

అప్పట్లో మాకది చెప్పుల కథ కాదు, యంత్రాల కథ. తాటిచెట్టంత ఎత్తున మూడు కాళ్ల మీద నడిచే యంత్రాలు, చూపు పడిన చోటల్లా మంట లేపే వేడి కిరణం, నల్లపొగ. సాయంత్రం ఊరి బయలులో ఆ యుద్ధం ఆడేవాళ్లం. సాయిబుల పిల్లలం, రెడ్ల పిల్లలు, బోయ పిల్లలు, రాతిబొమ్మలు చెక్కేవాళ్ల పిల్లలు. మూడు కట్టెలు కలిపి కడితే యంత్రం. అమ్మీ దగ్గర ఎత్తుకొచ్చిన అద్దం ముక్క వేడి కిరణం. ఎవరు అంగారకులో, ఎవరు ఇంగ్లీషు సిపాయిలో చీట్లు వేసి తేల్చుకునేవాళ్లం. ఆడపిల్లల్ని రానిచ్చేవాళ్లం కాదు. ఆపాకు ఆ కథ మాకంటే బాగా వచ్చు. మాకు అర్థంకాని వాక్యాలు చెప్పింది ఆమే. ఏడో తరగతి తర్వాత బడి మాన్పించారు.

మా లోక్‌సభ స్థానం నంద్యాల. 1991 నవంబరు ఉపఎన్నికలో పి.వి. నరసింహారావు ఇక్కడ 5 లక్షల 80 వేల పైచిలుకు మెజారిటీతో గెలిచారు. ప్రధానమంత్రి మా ఎంపీ అని ఊరు మురిసింది. మా మొహల్లా కూడా మురిసింది. అబ్బా ఇస్త్రీ చొక్కా వేసుకుని పోయి ఓటు వేసొచ్చాడు. ఏడాది తిరిగింది. 1992 డిసెంబర్ 6న అయోధ్యలో బాబ్రీ మసీదు మూడు గుమ్మటాలూ ఒకదాని వెనక ఒకటి కూలాయి. ఆ రాత్రి అబ్బా రేడియో దగ్గర కూర్చున్న తీరు గుర్తుంది. మాట్లాడలేదు. రేడియో కట్టేయనూ లేదు.

మా వీధిలో ఎవరూ ఎవరినీ ఏమీ అనలేదు. సంక్రాంతి సెలవుల్లో మళ్లీ ఆట మొదలైంది. చీట్లు మాత్రం వేయలేదు. "మీరే గదా అంగారకులు" అన్నారు. కోపంగా అనలేదు. అందరికీ తెలిసిన సంగతిలాగా అన్నారు. బడిలో దండయాత్రల పాఠం అయిపోయింది. ఎవరు ఎక్కడినుంచి వచ్చి ఏమేం కూల్చారో తేదీలతో సహా అందరికీ కంఠతా వచ్చు. మా ముత్తాతలు పింజారీలు. ఈ నల్లరేగడిలో పండిన పత్తిని ఏకి బతికినవాళ్లు. ఎక్కడినుంచీ దిగిరాలేదు. ఆ మాట అనడం మాకు రాలేదు. ఇంకో సంగతి ఒప్పుకోవాలి. ఆ వేషం మేం బాగానే వేశాం. కట్టెల యంత్రం పట్టుకుని ముందుకంటే గట్టిగా అరుస్తూ తరిమాం. అద్దం ముక్కతో కళ్లలోకి కొట్టాం. మమ్మల్ని ఏమని పిలిచారో అదే అయి చూపించాం. ఆ రుచి ఎట్లాంటిదో తెలుసు గనకనే ఈ వ్యాసం రాస్తున్నాం.

ఇప్పుడు ఆ పుస్తకంలోని ఒక పేజీ గురించి చెప్పాలి. రేకుపెట్టెలో దొరికిన తర్వాత పూర్తి పుస్తకం తెప్పించుకుని, కుదింపును పక్కన పెట్టుకుని చదివాం. అంగారకుల మొదటి గొట్టం లండన్‌కు నైరుతిగా ఉన్న వోకింగ్ ఊరి పక్కన, హోర్సెల్ కామన్ అనే మైదానంలో పడుతుంది. కథ చెప్పేవాడి ఇల్లు ఆ దగ్గరే. ఒక సాయంత్రం అతను భార్యతో తోటలో కూర్చుని ఉండగా ఫిరంగి దద్దరిల్లినట్టు చప్పుడవుతుంది. బయటికొచ్చి చూస్తే చెట్లు మండుతున్నాయి, పక్కనున్న చర్చి గోపురం జారి కూలుతోంది, మసీదు గుమ్మటం మీది కొన కనబడటం లేదు. ఊరి మీద పడిన దెబ్బ అది. అందులో మసీదు ఉంది. ఆ సంగతి మా కుదింపులోనూ ఉంది. కొన అనే అర్థమిచ్చే ఇంగ్లీషు మాట కింద గీత గీసి, మార్జిన్లో 'చోటీ' అని రాసుకున్నాం. ఆ పక్కనే ఉన్న 'మాస్క్' కింద గీత లేదు. ఆ మాట మాకు తెలుసు. తెలిసిన మాట గనక దాటేశాం.

ఇంగ్లండులో ఒక చిన్న ఊళ్లో, 1890ల్లో, మసీదేమిటని ఆనాడు అడగలేదు. అది వెల్స్ కల్పన కాదు. లాహోర్ ప్రభుత్వ కళాశాలకు ప్రిన్సిపాలుగా చేసిన లైట్నర్ అనే పండితుడు ఇంగ్లండుకు తిరిగిపోయి వోకింగ్‌లో ప్రాచ్యభాషల విద్యాసంస్థ పెట్టాడు. అక్కడికి వచ్చే ముస్లిం విద్యార్థుల కోసం 1889లో మసీదు కట్టించాడు. డబ్బు భోపాల్ రాణి షాజహాన్ బేగంది. అందుకే దాని పేరు షాజహాన్ మసీదు. మసీదుగానే కట్టిన మసీదుల్లో బ్రిటన్ మొత్తానికీ అదే మొదటిది. పక్కన ఇమాము ఉండే ఇంటిని సర్ సాలార్ జంగ్ స్మారక భవనం అంటారు. హైదరాబాద్ దీవాను పేరు అక్కడ అట్లా నిలిచింది. నిజాం కొలువులో చేరి, హైదరాబాదులో 'ఇస్లామిక్ కల్చర్' పత్రిక నడిపి, 1930లో ఖురాన్‌ను ఇంగ్లీషులోకి తెచ్చిన మార్మడ్యూక్ పిక్తాల్ కూడా ఆ మసీదు మనిషే. 1936లో చనిపోతే ఆ పక్కనే బ్రూక్‌వుడ్‌లో పాతిపెట్టారు. మా అబ్బా షెల్ఫులో ఉన్న ఖురాన్ ఇంగ్లీషు అనువాదం ఆయనదే. అంటే వోకింగ్ మా ఇంట్లో రెండు పుస్తకాల్లో ఉండేది. ఒకదాని సంగతి ఇంకోదానికి తెలియదు.

వెల్స్ 1895, 96ల్లో వోకింగ్‌లో అద్దెకున్నాడు. అప్పుడే సైకిలు నేర్చుకున్నాడు. ఆ సైకిలు మీద చుట్టుపక్కల తిరుగుతూ అంగారకులు ఏ ఇల్లు కూల్చాలో, ఎవరిని చంపాలో గుర్తు పెట్టుకున్నానని తర్వాత ఆత్మకథలో తానే రాసుకున్నాడు. ఆ చక్కర్లలోనే మసీదు కంటపడి ఉంటుంది. ఆయనకు మసీదు మీద ప్రత్యేకమైన ప్రేమా లేదు, ద్వేషమూ లేదు. ఒక అర వాక్యం, అంతే. తన ఊరు కూలుతోందని చెప్పడానికి చర్చిని, మసీదును, కాలేజీని, చివరికి తన ఇంటి పొగగొట్టాన్ని ఒకే వరసలో పెట్టాడు. ఆ వరసే మమ్మల్ని పట్టి ఆపింది. దండెత్తి వచ్చినవాడి దెబ్బ తిన్న ఊళ్లో మసీదు ఒక భాగం. దండెత్తి వచ్చినవాడిది కాదు. మా ఆటస్థలంలో ఎవరికీ, మాకు కూడా, తోచని సంగతి ఇది.

ఇంగ్లండు మీద దండయాత్ర అనే కల్పన వెల్స్‌తో మొదలు కాలేదు. 1871 మే నెలలో 'బ్లాక్‌వుడ్స్' పత్రికలో 'బ్యాటిల్ ఆఫ్ డార్కింగ్' అనే కథ వచ్చింది. జర్మను భాష మాట్లాడే సైన్యం ఇంగ్లండులో దిగి గెలిచేస్తుంది. ఆ యుద్ధంలో ఓడిన ముసలాయన మనవలకు ఆ సంగతి చెబుతాడు. ఆ కథకు ఊరంతా బెంబేలెత్తింది. ఆ తరహా కథలు పదుల సంఖ్యలో పుట్టుకొచ్చాయి. డార్కింగ్, వోకింగ్ రెండూ సర్రే కౌంటీలోవే. రాసింది జార్జ్ చెస్నీ. అతనెవరు? బెంగాల్ ఇంజినీర్ల దళం అధికారి. 1857లో ఢిల్లీని ముట్టడించి పట్టుకున్న సైన్యంలో పనిచేసి బాగా గాయపడ్డవాడు. ఢిల్లీ పడిపోయాక ఏం జరిగిందో మన ఉర్దూ సాహిత్యం చదివినవాళ్లకు చెప్పనక్కర్లేదు. ఊరు ఊరంతా వెళ్లగొట్టారు. హిందువుల్ని ముందు రానిచ్చారు, ముస్లింలను చాలాకాలం రానివ్వలేదు. జామా మసీదును స్వాధీనం చేసుకుని 1862లో గానీ తిరిగివ్వలేదు. ఒక నగరం ఎట్లా పడిపోతుందో, గెలిచినవాడు ఇళ్లలోకి ఎట్లా నడిచొస్తాడో చెస్నీకి ఊహించాల్సిన పని లేదు. చూసినదాన్ని తన ఊరికి మార్చుకున్నాడు, అంతే. యుద్ధం గురించిన ఇంగ్లీషు వైజ్ఞానిక కల్పనకు పునాదిరాయి ఢిల్లీ ప్రాకారం నుంచి పోయిందని మేం అంటే అతిశయోక్తి అనుకోవచ్చు. మాకు అట్లా అనిపించడం లేదు.

వెల్స్ ఇంకా సూటిగా చెప్పాడు. పూర్తి పుస్తకం మొదటి అధ్యాయంలోనే ఒక పేరా ఉంది. అంగారకులు క్రూరులని తిట్టుకునే ముందు మనం ఏం చేశామో గుర్తు చేసుకోండి అంటాడు. ఐరోపా నుంచి వలసపోయినవాళ్లు యాభై ఏళ్లలో టాస్మేనియా దీవి ప్రజల్ని తుడిచిపెట్టిన సంగతి ఎత్తుతాడు. ఈ కథ ఆలోచన కూడా ఆ టాస్మేనియన్ల గురించి అన్న ఫ్రాంక్‌తో నడకలో మాట్లాడుతుంటే వచ్చిందే. పుస్తకం అతనికే అంకితం. మా పుస్తకంలో ఆ పేరా లేదు. కుదించినవాళ్లు తీసేశారో, ఆ చిరిగిన ఆరు పేజీల్లో పోయిందో. టాస్మేనియన్లు పూర్తిగా అంతరించారని వెల్స్ నమ్మాడు. అది తప్పు. వాళ్ల సంతతి ఈనాటికీ ఉంది, భూమి కోసం అడుగుతోంది. చచ్చిపోయారని పుస్తకాలకెక్కినవాళ్లు బతికి ఉండటం మాకు చాలా ఇష్టమైన సంగతి.

కర్నూలుకు అంగారకులు 1839లో వచ్చారు. నవాబు గులాం రసూల్ ఖాన్ రహస్యంగా ఆయుధాలు పోగేస్తున్నాడని కుంఫిణీకి అనుమానం. సైన్యం వచ్చి కోటా మహలూ వెతికితే లెక్కలేనన్ని ఫిరంగులు, మందుగుండు దొరికాయి. జోహరాపురం దగ్గర పోరాటం జరిగింది. నవాబును పట్టుకుని తిరుచిరాపల్లికి పంపారు. 1840లో అక్కడే నౌకరు చేతిలో హతుడయ్యాడు. రాజ్యం కుంఫిణీది అయింది. ఆ తర్వాత ఏడేళ్లకు, ఆళ్లగడ్డ పక్కనున్న ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని కోయిలకుంట్లలో ఉరితీసి, తలను 1877 దాకా కోట గుమ్మానికి వేలాడదీశారు. నరసింహారెడ్డి మా ఇంటి పాటల్లో ఉన్నాడు, 2019లో సినిమాలోకీ వచ్చాడు. రావాల్సిందే. గులాం రసూల్ ఖాన్ పేరు మేం ముప్పై ఏళ్లు దాటాక, పత్రికలో ఒక ఫీచర్ రాయాల్సి వచ్చి, గెజిటీర్ తిరగేస్తుంటే తెలిసింది. ఆయనేమీ మహాత్ముడు కాదు. కానీ దండెత్తి వచ్చినవాడి ఎదురుగా నిలబడ్డ కర్నూలు మనిషి. ఆ ఒక్క వాక్యం బడిలో ఉండి ఉంటే ఆటలో చీట్లు ఆగేవి కావేమో.

ఇట్లాంటప్పుడు మనవాళ్లు టిప్పు రాకెట్ తీస్తారు. మేమూ తీశాం. 1780 సెప్టెంబరులో కంచి దగ్గర పొల్లిలూరులో హైదర్, టిప్పుల సైన్యం ఇనుప గొట్టాల రాకెట్లతో కుంఫిణీ సేనను చిత్తుచేసింది. 1799లో శ్రీరంగపట్నం పడిపోయాక దొరికిన రాకెట్లను ఇంగ్లండులో వూలిచ్‌కు తీసుకుపోయారు. వాటిని చూసి కాంగ్రీవ్ తన రాకెట్లు తయారుచేశాడు. అబ్దుల్ కలాం 1960ల్లో అమెరికాలో వాలప్స్ కేంద్రానికి పోతే అక్కడ గోడ మీద టిప్పు సైనికులు రాకెట్లు వేస్తున్న చిత్రం చూశానని రాసుకున్నారు. ఇదంతా నిజమే. ఆ బొమ్మ మా కుర్రాళ్ల గదుల్లో ఉంటుంది, ఆటోల వెనక ఉంటుంది. నువ్వు బయటివాడివి అంటే, ఇదిగో మా ఆయుధం చూడు అని చూపించడం. కట్టెల యంత్రం పట్టుకుని అరిచిన ఆ సంక్రాంతి మాకు గుర్తొస్తుంది.

టిప్పు రాకెట్ మా గోడల మీద ఉంది. రొకేయా ఎక్కడా లేదు.

రొకేయా సఖావత్ హుసేన్ 1880లో రంగపూర్ జిల్లా పైరాబంద్‌లో జమీందారీ ఇంట్లో పుట్టింది. ఇంట్లో అరబ్బీ, ఫార్సీ, ఉర్దూ. ఆడపిల్లకు బంగ్లా వద్దు, ఇంగ్లీషు అసలే వద్దు. అన్న ఇబ్రాహీం రాత్రిపూట ఇంట్లోవాళ్లు పడుకున్నాక ఇంగ్లీషు నేర్పాడు. అక్క కరీమున్నిసా బంగ్లా మీద ప్రేమ అంటించింది. ఇంటి భాషకూ ఊరి భాషకూ మధ్య నలిగిన ముస్లింలకు, అంటే మనకు, ఈ కథ కొత్త కాదు. భర్త ఉర్దూ మాట్లాడే భాగల్పూర్ మనిషి, డిప్యూటీ మేజిస్ట్రేటు. ఆయన క్యాంపుకు పోయినప్పుడు ఉబుసుపోకకు ఆమె ఇంగ్లీషులో ఒక కథ రాసింది. ఆయన తిరిగొచ్చి నిలబడే చదివేసి, మగవాళ్ల మీద ఘోరమైన పగ తీర్చుకున్నావన్నాడట. ఆ కథ 'సుల్తానాస్ డ్రీమ్' 1905లో అచ్చయింది. ఎక్కడ? కలకత్తాలో కాదు, మద్రాసులో. 'ఇండియన్ లేడీస్ మ్యాగజైన్'లో. 1901లో ఆ పత్రిక పెట్టి నడిపింది కమలా సత్తియనాథన్. తెలుగు క్రైస్తవ కుటుంబంలో పుట్టి బి.ఏ. చదివిన స్త్రీ. ఒక బెంగాలీ ముస్లిం స్త్రీ రాసిన యుద్ధం కథను ఒక తెలుగు క్రైస్తవ స్త్రీ అచ్చేసింది. అప్పుడు మా కర్నూలు జిల్లా మద్రాసు రాజధానిలో భాగం. అంటే అది మా రాజధాని పట్నంలో అచ్చయిన కథ. చిన్నప్పుడు మా చేతికి రావాల్సింది. నలభై దాటాక వచ్చింది.

కథలో సుల్తానా కునుకు తీస్తూ ఒక స్త్రీరాజ్యంలోకి పోతుంది. మగవాళ్లు మర్దానాలో, ఇళ్లలోపల. ఆడవాళ్లు బయట, విశ్వవిద్యాలయాల్లో. ఒక విశ్వవిద్యాలయం వాళ్లు ఆకాశం నుంచి నేరుగా నీళ్లు దించుకునే బెలూను కనిపెట్టారు. ఇంకోదానివాళ్లు ఎండ వేడిని పోగుచేసి దాచుకునే యంత్రం చేశారు. మగవాళ్లు అప్పుడు సైన్యాన్ని పెంచే పనిలో ఉండి ఈ చదువుల్ని చూసి నవ్వారు. ఇక యుద్ధం ఎందుకొచ్చిందో చూడండి. పక్క దేశం నుంచి కొందరు ప్రాణభయంతో పారిపోయి వచ్చి రాణి దగ్గర తలదాచుకున్నారు. వాళ్లను అప్పగించమని ఆ రాజు అడిగాడు. శరణన్నవాళ్లను వెళ్లగొట్టడం మా పద్ధతి కాదని రాణి చెప్పింది. దండెత్తాడు. భూమి కోసం కాదు, వజ్రాల కోసం కాదు, గుడీ మసీదూ కోసం కాదు. దిక్కులేనివాళ్లకు చోటిచ్చినందుకు. మామూ చూపించిన తెగిన చెప్పుల ఆడమనిషి ఈ కథలో ఉండి ఉంటే రాణి ఆమె కోసం యుద్ధం చేసేది.

మగవాళ్లు పోరాడి ఓడిపోయారు. అప్పుడు ప్రిన్సిపాలమ్మ ఒక షరతు పెట్టింది. మేం బయటికి రావాలంటే మీరు లోపలికి పోవాలంది. అలిసిపోయిన మగవాళ్లు జనానాలోకి పోయారు. ఆమె 2,000 మంది విద్యార్థినులతో యుద్ధభూమికి నడిచి, పోగుచేసిన ఎండనంతా శత్రువు వైపు తిప్పింది. తట్టుకోలేక పారిపోయారు. వదిలేసిన ఆయుధాలను కూడా ఆ ఎండతోనే కాల్చేశారు. ఆ తర్వాత ఆ దేశం మీదికి ఎవరూ రాలేదు.

1898లో వెల్స్ వేడి కిరణం. 1905లో రొకేయా వేడి కిరణం. ఆమె వెల్స్‌ను చదివిందో లేదో మాకు అనవసరం. వెల్స్ కిరణం మనుషుల్ని బూడిద చేస్తుంది. రొకేయా కిరణం వాళ్లను పారిపోనిచ్చి తుపాకుల్ని బూడిద చేస్తుంది. చిన్నప్పుడు అద్దం ముక్కతో మేం ఆడింది మొదటిది. పక్కనే కూర్చుని చూసిన ఆపాకు రెండోది తెలిసి ఉంటే ఆట ఎట్లా మారేదో. ఈ కథను మేం ఉర్దూలో చెబుతుంటే ఆపా మగవాళ్లు మర్దానాలోకి పోయే చోట ఆపించి, మళ్లీ చెప్పమంది. చెప్పాం. కాసేపు నవ్వింది. తర్వాత "మీరు నన్ను ఆడనిచ్చినారా?" అంది. ఆమె అన్నది ఏ ఆట గురించో, ఏ బడి గురించో మేం అడగలేదు. మా మీద జరిగిన అన్యాయం గురించి ఇంత రాసినవాళ్లం ఆ ప్రశ్నకు జవాబు రాయలేకపోతున్నాం. రొకేయా మాత్రం 1909లో భర్త పోయాక ఆయన పేర బడి పెట్టి, 1911లో దాన్ని కలకత్తాకు మార్చి, గడప గడపకూ పోయి ఆడపిల్లల్ని పంపమని అడిగింది. 1932లో చనిపోయేదాకా అదే పని.

ఎండ వేడిని పోగుచేయడం ఆమె కాలానికి కల. నంద్యాల నుంచి కర్నూలు పోయే దారిలో ఓర్వకల్లు, గని గ్రామాల వైపు తిరిగితే ఇప్పుడు కనుచూపు మేర నల్లటి పలకలు. 2017లో పూర్తయిన 1,000 మెగావాట్ల సౌర విద్యుత్ పార్కు అది. వేసవిలో రాష్ట్రంలోకెల్లా ఎక్కువ ఎండ నంద్యాలదే అని పేపర్లో తరచు రాస్తుంటాం, తిట్టుకుంటూ రాస్తుంటాం. ఆ పలకల పక్కన బస్సులో పోతుంటే ప్రిన్సిపాలమ్మ గుర్తొస్తుంది.

ఇక వోకింగ్ మైదానం సంగతి. అంగారకుల మొదటి గొట్టం పడిన హోర్సెల్ కామన్‌లోనే ఒక ముస్లిం సైనికుల శ్మశానం ఉంది. మొదటి ప్రపంచయుద్ధంలో ఫ్రాన్సులో గాయపడ్డ హిందుస్థానీ సైనికుల్ని ఇంగ్లండు దక్షిణ తీరంలో బ్రైటన్ వంటి చోట్ల ఆస్పత్రుల్లో ఉంచారు. చనిపోయిన ముస్లింలను మత పద్ధతిలో సాగనంపడం లేదని జర్మనీ ప్రచారం చేసింది. దాంతో షాజహాన్ మసీదుకు దగ్గర్లో ఈ మైదానంలో చోటిచ్చి, గుమ్మటం ద్వారంతో చుట్టుగోడ కట్టారు. 1917లో పని పూర్తయింది. రెండు యుద్ధాల్లోనూ కలిపి 27 మందిని అక్కడ పాతిపెట్టారు. 1960ల చివర్లో ఆ సమాధుల్ని బ్రూక్‌వుడ్‌కు మార్చారు. 2015లో ఆ చోటును శాంతివనం చేశారు. వెల్స్ ఊహించిన యుద్ధానికి తొలి రణస్థలం, అతను ఊహించని యుద్ధంలో చచ్చిన మనవాళ్లకు ఖబరస్తాన్ అయింది. ఇంగ్లండు తరఫున పోరాడి చచ్చినవాళ్లు వాళ్లు. మా ఆటలో వాళ్లది ఏ పక్షం? చీటీ తీసినా తేలదు.

పోయిన రంజాన్‌కు ఆళ్లగడ్డ పోయినప్పుడు ఆ పుస్తకం మామూకు చూపించాం. డెబ్బై ఎనిమిదేళ్లు. చూపు తగ్గింది. బొమ్మను గుర్తుపట్టలేదు. మేం మసీదు పేజీ తీసి, దఖనీలో చదివి చెప్పాం. మార్జిన్లో 'చోటీ' అని రాసుకున్నది కూడా చెప్పాం. "చోటీ కాదురా, కలస్" అన్నాడు. ఉర్దూలో మసీదు గుమ్మటం మీది కొనను కలస్ అనే అంటారు. గుడి మీదిది తెలుగులో కలశం. డిక్షనరీ చూసి రాసుకున్న పన్నెండేళ్లవాళ్లకు అది తట్టలేదు.

"అది కూలిపోయిందా?" అని అడిగాడు.

కథలో కూలింది మామూ, అన్నాం. అసలు మసీదు అక్కడే ఉంది. 2018లో ఇంగ్లండులో దాన్ని మొదటి శ్రేణి రక్షిత కట్టడంగా ప్రకటించారు కూడా. ఇప్పటికీ జుమ్మా నమాజు జరుగుతుంది.

ఆయన పుస్తకం మూసి మా చేతిలో పెట్టాడు.

"కథలోనేగా" అన్నాడు. "కథలో కూలితే ఫర్వాలేదు."